టీ చవకైనా తిరుగుబాటు ఎందుకొచ్చింది?

ఒరేయ్ శీనూ,

టీ మీద పన్ను పెంచారు గనక అమెరికావాళ్లు తమను ఏలుతున్న బ్రిటన్ మీద తిరగబడ్డారని రాశావు చూడు, అక్కడే పప్పులో కాలేశావు. 1773 చట్టంతో టీ ధర తగ్గింది! మరి చవగ్గా వచ్చే సరుకును సముద్రంలో ఎందుకు పారబోశారంటావా?

ముందు అప్పు సంగతి. 1763లో ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు 12 కోట్ల పౌండ్లు దాటింది. అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చులో కొంతైనా అక్కడివాళ్ల దగ్గరే రాబట్టాలని 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. ఆ స్టాంపు పన్ను నుంచి దస్తావేజులు, పత్రికలు, ఆఖరికి పేకముక్కలను కూడా వదల్లేదు. పార్లమెంటులో మా సభ్యుడు ఒక్కడూ లేనప్పుడు ఈ పన్నేమిటని జనం మండిపడి, స్టాంపులు పంచాల్సినవాళ్ల చేత రాజీనామాలు చేయించారు. ఏడాదికే రద్దు చేశారు, కానీ అదే చేత్తో 'ఏ విషయంలోనైనా మీకు చట్టాలు చేసే హక్కు మాదే' అని ఇంకో చట్టం!

1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేశారు. బ్రిటిష్ సరుకు కొనడం మానేస్తే 1770లో టీ తప్ప మిగతావన్నీ ఎత్తేశారు. టీ మీద మాత్రం పౌండు బరువుకు 3 పెన్నీలు అలాగే ఉంచారు. కొసరులా కనిపిస్తుంది గానీ నన్నడిగితే గొడవంతా ఇక్కడే ఉంది. అంతకుముందు మసాచుసెట్స్‌లో (బోస్టన్ ఉన్న కాలనీ) గవర్నరుకు జీతం ఇచ్చేది స్థానిక సభ. మాట వినకపోతే జీతం బిగపట్టేవాళ్లు. 1772 నుంచి ఆ జీతం సుంకాల సొమ్ములోంచి ఇస్తామన్నారు. ఇక ఆయన సభను లెక్కచేస్తాడా?

ఇంతలో ఈస్టిండియా కంపెనీ (అప్పటికే మన ఉత్తర సర్కారుల మీద పడ్డ కంపెనీయే) దివాలా అంచుకు చేరింది. గోదాముల్లో చైనా టీ కోటిన్నర పౌండ్ల బరువుకు పైగా మూలుగుతోంది. పాత పద్ధతిలో లండన్ వేలంలో అమ్మితే వర్తకులు కొని అమెరికాకు పంపేవాళ్లు. 1773 నాటి కొత్త చట్టం బ్రిటన్‌లో కట్టిన సుంకం వాపసిచ్చి, కంపెనీని అమెరికాలోని తన ఏజెంట్లకే నేరుగా పంపుకోనిచ్చింది. దాంతో డచ్చి దొంగసరుకు అమ్మేవాళ్లకూ మామూలు వర్తకులకూ ఒకేసారి పొట్టమీద దెబ్బ. ఆ 3 పెన్నీలు మాత్రం ప్రధాని లార్డ్ నార్త్ వదల్లేదు. అదీ తీసేసి ఉంటే సగం గొడవ అణిగేదేమో!

బోస్టన్‌లో పీటముడి పడింది చూడు. 'డార్ట్‌మత్' ఓడ నవంబర్ 28న వచ్చింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్‌వాళ్లు సరుకు జప్తు చేస్తారు. వాళ్ల చేతికి పోతే అమ్మి సుంకం రాబడతారని జనం భయం. వెనక్కి పంపేద్దామంటే సుంకం కట్టనిదే వదలనని గవర్నర్ హచిన్సన్ భీష్మించాడు. టీ ఏజెంట్లలో ఇద్దరు ఆయన కొడుకులే మరి! గడువు రేపనగా, డిసెంబర్ 16 రాత్రి, మూడు ఓడల్లోంచి 342 పెట్టెలు పగలగొట్టి నీళ్లలో పోశారు. మిగతా సరుకు జోలికి పోలేదు. ఫిలడెల్ఫియాలోనైతే ఓడను రేవుకే రానివ్వకుండా తిప్పి పంపారు.

దానికి శిక్షగా 1774 జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూసేసి, మసాచుసెట్స్ పాలన ఎలా సాగాలో చెప్పే అధికారపత్రాన్నే మార్చేశారు. ఇవాళ వాళ్లకు, రేపు మనకని మిగతా కాలనీలు కదిలి, సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ అనే ఉమ్మడి సభ పెట్టాయి. 1778లో పార్లమెంటు ఆ టీ సుంకాన్ని తానే రద్దు చేసింది. అప్పటికి స్వాతంత్ర్యం ప్రకటించి ఏడాదిన్నర దాటిపోయింది.

నీ
రాంబాబు