సుద్ద లేదని అమ్మిన కాగితంలో సుద్ద ఉంది: డబ్బు వాపసు కోసం ఫిర్యాదు

హైదరాబాద్

కాగితాల కంపెనీ మేనేజర్ గారికి,

నమస్కారం. ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే ప్లాటినం, పల్లాడియం లోహాలతో ఫొటో ప్రింట్లు వేసుకుంటున్నాను. చదరపు మీటరుకు 30 గ్రాములుండే మీ చేతి తయారీ మల్బరీ కాగితం ఆగస్టులో 25 షీట్లు తెప్పించాను. ‘సుద్ద కలపలేదు, ప్లాటినం ప్రింట్లకు పనికొస్తుంది’ అని ప్యాకెట్ మీద మీరే ముద్రించారు. అందులో సుద్ద ఉంది.

ఫిబ్రవరిలో ఇదే పేరుతో కొన్న కాగితం ఎంతో బాగా వచ్చింది. అందుకే మా అమ్మమ్మ సంవత్సరీకానికి ఆవిడ ఐదుగురు పిల్లలకీ తలా ఒక ప్రింటు ఇవ్వాలనుకున్నప్పుడు ఇంకో కాగితం వైపు చూడలేదు. కంది చేను గట్టు మీద తెల్లచీరలో కూర్చున్న ఫొటో అది. ఫెర్రిక్ ఆక్సలేట్ అనే ఇనుప లవణం, పల్లాడియం ద్రావణం కలిపి ఎప్పటిలాగే పూశాను, అతినీలలోహిత కాంతిలో పెట్టాను, పొటాషియం ఆక్సలేట్‌లో డెవలప్ చేశాను. బొమ్మ పలచగా, ఇసుక చల్లినట్టు వచ్చింది. మిగిలిన ఇనుమును కడిగేసే ఈడీటీఏ నీళ్లలో మూడుసార్లు ఉంచినా చీర మీద పసుపు మరక పోలేదు. పొరపాటు నాదేనేమో అని మళ్లీ వేశాను. మొత్తం ఏడు షీట్లు పోయాయి. పల్లాడియం ఎంత ఖరీదో మీకు తెలియంది కాదు.

చివరికి ఒక ముక్క మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేసి చూశాను. సుద్ద ఉంటే వచ్చే బుడగలు వచ్చాయి. ఫిబ్రవరి షీట్ ముక్క మీద రాలేదు.

మీ కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్‌లో ‘మాది యాసిడ్ ఫ్రీ కాగితమేనండీ’ అని పదే పదే చెప్పారు. యాసిడ్ లేదంటే సుద్ద లేదని కాదు. కాగితం పాడవకుండా ఉండాలని చాలామంది తయారీదారులు కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, కలుపుతారు, బొమ్మలు గీసుకునేవాళ్లకి అది మేలే. మాకు మాత్రం అదే శత్రువు. మా పూత ఆమ్ల గుణం కలది. సుద్ద దాన్ని విరిచేస్తుంది, ఆక్సలేట్‌ని లాగేసుకుంటుంది, ఇనుము కాగితంలోనే పసుపుగా మిగిలిపోతుంది. 1873లో విలియం విల్లిస్ ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్న ఈ పద్ధతిలో జెలటిన్ పొర ఉండదు. లోహం నేరుగా నారలోనే నిలుస్తుంది. అందుకే మాకు కాగితమే సగం ప్రింటు.

సల్ఫామిక్ యాసిడ్‌లో ముంచి సుద్ద తీసెయ్యొచ్చు కదా అని కూడా మీ కస్టమర్ కేర్ వాళ్లు అన్నారు. మందపాటి కాటన్ కాగితాలకు నేనూ అదే చేస్తాను. ఇంత సన్నటి షీట్లు రెండు అలా ముంచి తడిలోంచి ఎత్తబోతే రెండూ చేతిలోనే చిరిగాయి. అసలు ఆ పని తప్పుతుందనే కదా మీ దగ్గర ఎక్కువ ధర పెట్టి కొన్నది!

సంవత్సరీకం రోజు మా పిన్ని ‘ఫొటో ఏదే?’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ బాధ మీరు తీర్చలేరు. తీర్చగలిగినవి అడుగుతున్నాను. 25 షీట్ల డబ్బూ, కొరియర్ ఖర్చూ వెనక్కి ఇవ్వండి. ఆగస్టు లాట్‌లో ఏం మార్చారో రాతపూర్వకంగా చెప్పండి. అదే లాట్ కొన్న మిగతావాళ్లకి కబురు పెట్టండి, వాళ్ల పల్లాడియమైనా మిగులుతుంది. ఫిబ్రవరి రకం ఇంకా ఉంటే డబ్బు కట్టి పది షీట్లు తీసుకుంటాను.

బిల్లు, రెండు ప్రింట్ల ఫొటోలు, యాసిడ్ చుక్క వేసిన వీడియో జతచేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. మిగిలిన షీట్లు వాడకుండా ఉంచాను, మీ మనిషిని పంపితే ఇచ్చేస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు