లాయరు ఫీజు గొడవైతే మేం ఎవరి దగ్గరికి పోవాలి? కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మీ శాఖకు పెట్టుకున్న అర్జీలకు జవాబుగా, వాటిని లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్‌కు పంపించామన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా బావ యాక్సిడెంట్‌లో పోయారు. పరిహారం కేసులో అక్క పెట్టుకున్న లాయరు వచ్చేదాంట్లో ఇంత పర్సంటేజీ అన్నారు, అక్క సరేనంది. కేసు సగంలో ఉండగా ఖర్చులున్నాయి, ముందే కొంత కట్టమన్నారు, కట్టింది. మళ్లీ అడిగారు. ఒక్కదానికీ రసీదు లేదు. ఇక మావల్ల కాదు, వేరే లాయరుని పెట్టుకుంటామంటే బాకీ తీరిస్తేనే ఎన్‌ఓసీ, అంటే తనకు అభ్యంతరం లేదన్న కాగితం, ఇస్తానన్నారు. ఏం బాకీ, ఎంత బాకీ, ఆ లెక్క ఎవరు తేల్చాలి? ఆస్పత్రి బిల్లులు, బావ జీతం కాగితాలు, అన్నీ ఒరిజినల్సే, ఆ ఫైల్లోనే ఉన్నాయి. కొత్త లాయర్లేమో ముందు ఆయనతో సెటిల్ చేసుకుని రండమ్మా అని పంపించేస్తున్నారు. వాయిదా మీద వాయిదా పడుతోంది, ఇద్దరు పిల్లలతో ఆవిడ పడే టెన్షన్ నేను చూడలేకపోతున్నాను.

ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకి లేదని, కావాలంటే ఆ డబ్బు కోసం వేరే దావా వేసుకోవాలని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. పర్సంటేజీ ఫీజు బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధం. 2017లో మన తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో, అదీ భర్తను యాక్సిడెంట్‌లో పోగొట్టుకున్న ఆవిడదే, అలాంటి ఫీజు కోసం లాయరు పెట్టిన చెక్ బౌన్స్ కేసును సుప్రీంకోర్టే కొట్టేస్తూ, దీన్ని అదుపు చేసే పద్ధతి చట్టంలో తెండని కేంద్రాన్ని కోరింది. అంటే మీ శాఖనే కదండీ! చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ అయితే లాయర్ల ఫీజుల సంగతి 1988 నివేదికలోనే ఎత్తింది. ఇన్నేళ్లలో ఏం చేశారో దయచేసి చెప్పండి.

బార్ కౌన్సిల్‌కు వెళ్లమంటారు. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇస్తే, తప్పు రుజువైతే లాయరు మీద చర్య ఉంటుంది, సరే. మా డబ్బు ఎవరిప్పిస్తారు? ఫైలు రేపటి వాయిదాకి ఎవరిప్పిస్తారు? వినియోగదారుల కోర్టుకు పోదామంటే లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో తీర్పొచ్చింది. ఇక మిగిలింది సివిల్ దావా. లాయరు మీద దావా వేయడానికి ఇంకో లాయరు కావాలి, ఆయనకి ఇంకో ఫీజు. ఇది న్యాయమేనా, మీరే చెప్పండి.

లాయర్లందరూ ఇంతేనని నేననడం లేదు. కేసు గెలిచాక ఫోన్ ఎత్తని క్లయింట్లూ ఉన్నారు, రావాల్సిన ఫీజు కోసం ఏళ్ల తరబడి తిరిగే చిన్న లాయర్లూ ఉన్నారు. ఫీజు తగాదా త్వరగా తేల్చే చోటు వాళ్లకీ లేదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్, అంటే అక్కడి లాయరు, బిల్లు ఎక్కువనిపిస్తే లెక్క తేల్చమని కోర్టునే అడగొచ్చు, 1974 నాటి చట్టంలోనే ఆ వీలుంది. మన దగ్గర ఎందుకు కుదరదు?

వకాల్తా మీద సంతకం పెట్టించుకునే రోజే ఫీజు ఎంతో కాగితం మీద రాయాలి. తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనైనా సరే, ఫీజు గొడవలు తేల్చడానికి ఒకరిని కూర్చోబెట్టండి. అన్నిటికంటే ముందు ఫైలు. తగాదా తేలేదాకా ఫైలు ఆపడానికి వీల్లేదని, ఇన్ని రోజుల్లో ఇచ్చి తీరాలని చట్టంలోనే రాయండి. తీర్పులున్నాయి కదా అనకండి, 2000 నాటి ఆ తీర్పు కాపీ పట్టుకెళ్లి చూపిస్తే, కోర్టుకెళ్లి తెచ్చుకోమన్నారు ఆ లాయరు మాతో.

ఈసారైనా అర్జీని ఇంకో ఆఫీసుకి పంపకుండా మీ శాఖ నుంచే జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక కక్షిదారు తమ్ముడు