సూపర్‌వైజర్ గారూ, మీ "వచ్చే స్ప్రింగ్" ఎప్పుడొస్తుందండీ?

మా కౌంటీని నడిపే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ పెద్దలకి నమస్కారం.

ఇంగ్లీష్‌లో మూడు సార్లు రాసా. రెండు సార్లు మీటింగ్‌కొచ్చి పబ్లిక్ కామెంట్‌లో మాట్లాడా, మూడేసి నిమిషాలు ఇచ్చారు, థాంక్స్. ఈసారి తెలుగులో రాస్తున్నా. ఎలాగూ చదవనప్పుడు ఏ భాషైతే ఏంటి, కనీసం మావాళ్ళన్నా చదువుతారు.

విషయం మీకు తెల్సిందే, మా సబ్‌డివిజన్ వెనక మొక్కజొన్న చేను పక్కనున్న అర ఎకరం పయనీర్ సిమెట్రీ, అంటే తొలినాళ్ళలో ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్ళ పాత శ్మశానం. గడిచిన 50 ఏళ్ళలో 12 మందికి మించి పూడ్చకపోతే అది పయనీర్ సిమెట్రీ కింద లెక్క అని మన అయోవా రాష్ట్ర చట్టమే చెప్తోంది, బాగోగులు చూడ్డానికి కమిషన్ అనే కమిటీ వేసుకోవచ్చనీ చెప్తోంది. "వేసుకోవచ్చు" అంది గానీ "వెయ్యాలి" అన్లేదు, ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నారు మీరు.

అక్కడ మూలన ఒక చిన్న రాయి, పైన పడుకున్న గొర్రెపిల్ల. పసిపిల్లల సమాధులకి అప్పట్లో అలా చెక్కించేవాళ్ళు. తెల్ల మార్బుల్ కదా, ఇన్నేళ్ళ వానకి పేరు మొత్తం కరిగిపోయింది, వేలితో తడిమితే తగిలేది కింది లైనొక్కటే: 2 ఏళ్ళు, 4 నెలలు, 11 రోజులు. మా పాపని స్కూల్ ప్రాజెక్టు కోసం తీస్కెళ్తే "నాన్నా, రోజులు కూడా ఎందుకు లెక్కపెట్టారు" అనడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఫెన్సూ బోర్డూ వచ్చే స్ప్రింగ్‌కి అన్నారు. వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చే స్ప్రింగ్ అన్నారు. ఈలోపు జులైలో ఎవరో కాంట్రాక్టర్‌ని పంపారు, ఆయన పెద్ద మోవర్ మీదెక్కి ఇరవై నిమిషాల్లో మొత్తం నున్నగా గొరిగేసి పోయాడు. ఆయన కోసింది కలుపు కాదండీ, బిగ్ బ్లూస్టెమ్ అనే ఈ నేల సొంత గడ్డి. ఎప్పుడూ నాగలి పడలేదు కాబట్టే ఆ అర ఎకరంలో అది బతికుంది, ఒకప్పుడు రాష్ట్రంలో చాలా భాగం పరుచుకున్న ప్రెయిరీ గడ్డిమైదానంలో ఇప్పుడు 0.1 శాతం కూడా మిగల్లేదు. పట్టించుకోండి అని నేనే అడిగా, నిజమే, ఇలాగని కాదు. ఆ మోవర్ తగిలి గొర్రెపిల్ల తల విరిగింది. మెయిల్ పెడితే "నోట్ చేసుకున్నాం" అని ఒక్క లైను.

బడ్జెట్ లేదంటారు. 1930ల్లో డిప్రెషన్ టైంలో, తినడానికే లేని రోజుల్లో, డబ్ల్యూపీఏ అనే ప్రభుత్వ పథకం కింద పనుల్లేని వాళ్ళకి పనిచ్చి అయోవాలో సమాధుల లిస్టు రాయించారండీ, ఆ లిస్టు లైబ్రరీలో చూసా, ఈ బిడ్డ పేరు అందులో ఉంది. డబ్బుల్లేనప్పుడు రాసి పెట్టారు, డబ్బులున్నప్పుడు మనం మోవర్‌తో గుద్దేసాం. అక్కడ బోర్డు మీద ఒక్క లైన్లో ఆ పేరు రాయడానికి ఎంతవుతుందో చెప్పండి, నేనిస్తా. ఇంకో లైను కూడా పెట్టండి, 1845 అక్టోబర్ 11 అర్ధరాత్రి దాకా ఈ నేల సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసీ తెగల వాళ్ళదనీ, వాళ్ళు కదిలాకే ఎకరం $1.25 లెక్కన పయనీర్లు కొనుక్కున్నారనీ. నేనూ ఆ చేల మీద కట్టిన ఇంట్లోనే ఉంటున్నా, కాదనట్లే. మా ఇళ్ళ మధ్య వీధికి పయనీర్ల పేరు పెట్టడానికి మాత్రం మీకు ఓపికుంది.

మావాళ్ళ సంగతీ చెప్పాలి, మా ఊళ్ళో వీరగల్లుకి గేదెని కట్టేస్తారు. అందుకే మీకు సుద్దులు చెప్పే మొహం నాకు లేదు. కానీ గేదె తల విరగ్గొట్టదు.

దయచేసి ఫెన్స్ వెయ్యండి. కమిషన్ వెయ్యండి, వాలంటీర్లు లేరంటే నేనొస్తా, శనివారాలు ఖాళీయే. ఏదీ కుదరదంటే కనీసం ఫోనెత్తండి. ఆ గొర్రెపిల్ల తల మా గరాజ్‌లో టవల్ చుట్టి షూ బాక్స్‌లో పెట్టా, ఎవరికివ్వాలో తెలీట్లేదు. వచ్చే స్ప్రింగ్ దాకా దాచమంటే దాస్తా.

ఇట్లు,
మీ కౌంటీలో ప్రాపర్టీ టాక్స్ టైముకి కట్టే ఒక తెలుగువాడు