వినపడనివారికి తెర ఒక్కటే చాలదు

సంపాదకులకు,

సోమవారం గ్రీవెన్స్‌లోనూ గ్రామసభల్లోనూ మాటలు అప్పటికప్పుడు తెలుగు అక్షరాలై తెరమీద కనపడాలని బధిరులు కోరడం న్యాయమే. సమాచారం వాళ్లకు అందే రూపంలో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమూ చెబుతోంది. దీనికి పెద్ద టెండర్లేమీ అక్కర్లేదు. మాట విని అక్షరాలుగా రాసే ఫోన్ యాప్, గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్, ఉచితం, తెలుగూ రాస్తుంది. మొదటి భాష తెలుగు, రెండోది ఇంగ్లీషు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఫోన్ని టీవీకి కలిపితే సరి. నెట్ సిగ్నల్ మాత్రం ముందుగా చూసుకోవాలి.

తేడా వచ్చేదల్లా మైకు దగ్గరే. ఫోన్ బల్లమీద పడేస్తే అధికారి మాట కంటే ఫ్యాన్ల హోరు, కుర్చీల చప్పుడే దానికి ఎక్కువ వినపడతాయి. సౌండ్ బాక్సు ముందు పెడితే మరీ అన్యాయం: రేకుల షెడ్డులో ప్రతిధ్వని తోడై మాటమీద మాట పడుతుంది. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, పక్కన గోల మాత్రం తగ్గదు. అందుకే నోటికి జానెడు దూరంలో, చొక్కాకి కాలర్ మైకు తగిలించాలి. మైక్‌సెట్టు మిక్సర్ నుంచి ఫోన్‌కి వైరు లాగితే, ఫోన్‌లో గుచ్చే పిన్నుమీద మూడు నల్లగీతలు ఉండాలి. రెండు గీతల పిన్ను గుచ్చితే ఫోన్ దాన్ని మైకుగా ఎంచదు, తన సొంత మైకుతోనే వింటూ ఉంటుంది. మిక్సర్ లెవెల్ తగ్గించకపోతే గొంతు పగులుతుంది, అక్షరాలూ చెడతాయి.

ఇంటిపేర్లు, గోదావరి మధ్య లంకల పేర్లు, సర్వే నంబర్లు తరచూ తప్పు పడతాయి. తెర పక్కన ఒకరు కూర్చుని వాటిని బోర్డుమీద సరిగ్గా రాస్తూ ఉండాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడకుండా చూసే పని సభ నడిపేవారిది.

పుట్టుచెవుడుతో సైగల భాషలోనే పెరిగినవారిలో చాలామందికి తెలుగు చదవడం కష్టం. వాళ్లకు తెర చూపించి చేతులు దులుపుకోకూడదు, సైగల భాష ఇంటర్‌ప్రిటర్ని పిలవాల్సిందే.

వరద కబురుకైతే ఈ హంగామా ఏదీ అక్కర్లేదు. గోదావరిమీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. ఆ అంకెలు యంత్రం వినికిడికి వదిలే సరుకు కాదు. ఆటో మైకులో చదివే కాగితాన్నే ఫొటో తీసి, లంకల్లో వినపడనివారి ఫోన్లకు అదే నిమిషంలో పంపమనండి. పంచాయతీ దగ్గర వాళ్ల నంబర్ల జాబితా ఇప్పుడే, వానలకు ముందే, తయారుగా ఉండాలి.

ఒక పాఠకుడు, అమలాపురం