రెండు పనులకు ఒక్క ‘కమ్’ చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగ ప్రకటనల్లోనూ, ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ, వాటిని ఆధారం చేసుకుని పత్రికల్లో వచ్చే జిల్లా వార్తల్లోనూ ఒక చిన్న మాట రోజూ నా కంట పడుతుంటుంది. అది ‘కమ్’. డ్రైవర్ కమ్ కండక్టర్, క్లర్క్ కమ్ టైపిస్ట్, సీడ్ కమ్ ఫెర్టిలైజర్ డ్రిల్, బ్యారేజి కమ్ బ్రిడ్జి. మనిషికి గాని వస్తువుకు గాని రెండు పనులున్నాయని ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే మన పిల్లలకు ఈ ఒక్క మాటే తోస్తోంది. కావలి చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో ముప్పయ్యేళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, ఈ అలవాటును పెంచినవాళ్లలో నేనూ ఒకతెనని ఒప్పుకుంటూనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

‘కమ్’ లాటిన్ మాట. ‘తో’, ‘తో కూడా’ అని దాని అర్థం. ఇంగ్లండులో అది కొన్ని ఊళ్ల పేర్లలో నిలిచిపోయింది. మాంచెస్టర్‌లో చోర్ల్‌టన్ కమ్ హార్డీ, కేంబ్రిడ్జి దగ్గర స్టో కమ్ క్వై అనే చోట్లున్నాయి. అక్కడ ఆ మాట రెండు ఊళ్లు కలిశాయని చెబుతుందే తప్ప, ఒక ఊరు రెండు పనులు చేస్తోందని కాదు. పడుకోవడానికీ చదువుకోవడానికీ ఒకటే గది ఉంటే ‘బెడ్‌రూమ్ కమ్ స్టడీ’ అనేవాళ్లు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నారు కనుక, దాన్ని తప్పు ఇంగ్లీషని ఎవరూ అనలేరు. అయితే ఆఫీసు భాషలో దాన్ని ఇంత ధారాళంగా వాడేది మన దేశంలోనే. అమెరికాలో ఆ వాడుక అరుదు, పైగా అవే అక్షరాలతో రాసే మాటకు అక్కడ నలుగురిలో పలకలేని అర్థం ఒకటి ఉంది.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి విదేశంలో ఒక హోటల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ, తాను ఇక్కడ చేసిన పనిని ‘స్టోర్‌కీపర్ కమ్ క్యాషియర్’ అని రాశాడు. ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఆ మాట దగ్గర ఆగి తమలో తాము నవ్వుకున్నారట. ఎందుకు నవ్వారో అతనికి అర్థం కాలేదు. తర్వాత స్నేహితుడెవరో విడమరిచి చెబితే, నాకు ఫోన్ చేసి, “టీచర్, మీరు చెప్పిందే రాశాను కదా” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, చిన్నబోవడం మాత్రమే ఉంది. ‘స్టోర్‌కీపర్ అండ్ క్యాషియర్’ అని రాసి ఉంటే సరిపోయేది. అంత తేలిక మాటను నేను అతనికి నేర్పలేదు.

అంతకు చాలా ఏళ్ల ముందే ఒక ఆడపిల్ల నన్ను హెచ్చరించినంత పని చేసింది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుఫానును చూసినవాళ్లకు తుఫాను షెల్టరు విలువ వేరే చెప్పనక్కర్లేదు. నేను కొన్నాళ్లు పనిచేసిన సముద్రపు ఒడ్డు పల్లెలో, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన అలాంటి షెల్టరులోనే తరగతులు జరిగేవి. వాయుగుండం కబురు రాగానే బెంచీలన్నీ గోడవారకు జరిపి, బోర్డు మీది పాఠం చెరపకుండానే తాళంచెవులు ఊరి పెద్దలకు అప్పగించేవాళ్లం. పొద్దుగూకేసరికి చాపలతో, బిందెలతో, చంటిపిల్లలతో మెట్లు నిండిపోయేవి. అలాంటి ఒక వాన వెలిసిన తర్వాత మా ఊరిని గురించి పది వాక్యాలు రాయమంటే, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, “ఇది బడి, షెల్టరు కూడా అని ఇంగ్లీషులో ఎట్టా రాయాల టీచర్?” అని అడిగింది. నేను ‘స్కూల్ కమ్ సైక్లోన్ షెల్టర్’ అని బోర్డు మీద రాశాను. ఆ పిల్ల కాసేపు దాన్ని చూసి, “అయితే ఇది ముందు బడా, ముందు షెల్టరా?” అంది. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు.

ఇంగ్లీషు తమ సొంత భాషగా ఉన్నవాళ్లు ఇలాంటి చోట ఎక్కువగా ‘డబుల్స్ యాజ్’ అంటారు. ‘ద సైక్లోన్ షెల్టర్ డబుల్స్ యాజ్ అవర్ స్కూల్’ అంటే ఆ కట్టడం అసలు షెల్టరేనని, బడి దానికి మీదపడిన రెండో పని అని అర్థం. బడి కోసమే కట్టిన మేడలో తుఫానప్పుడు జనం తలదాచుకుంటుంటే వాక్యాన్ని తిరగేసి, బడిని ముందు చెప్పి, షెల్టరును ‘యాజ్’ తర్వాత పెట్టాలి. ఆ పిల్ల అడిగిన ‘ముందు ఏది’ అన్న ప్రశ్నకు జవాబు ఆ క్రియలోనే ఉంది. మన తెలుగులో ఆ పనిని ‘ఏ’కారమూ ‘గా’ ప్రత్యయమూ చేస్తున్నాయి. “షెల్టరే మాకు బడిగా పనికొస్తోంది” అన్నప్పుడు ఏది అసలో, ఏది అదనమో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. రెండు పనులకూ సమానమైన పెద్దరికం ఇవ్వదలిస్తే ‘సర్వ్స్ యాజ్ బోత్ ఎ స్కూల్ అండ్ ఎ షెల్టర్’ అనాలి. వట్టి ‘సర్వ్స్ యాజ్’ ఒక్కటే రాస్తే ఇంకో పని ఉందన్న సంగతి అందులో రాదు. అలాగే ‘డబుల్స్ యాజ్’ తర్వాత బడినీ షెల్టరునూ రెండింటినీ పెడితే, ఆ కట్టడానికి వేరే మూడో పని ఏదో ఉందని చదివేవాళ్లు అనుకుంటారు. మా పిల్లల నోటుపుస్తకాల్లో నేను తరచుగా దిద్దవలసి వచ్చిన తప్పు ఇది.

ఒకే నటుడు ఒకే నాటకంలో రెండు వేషాలు వేయడాన్ని కూడా వాళ్లు ‘డబ్లింగ్’ అంటారు. మన పద్యనాటకాల్లోనూ తొలి రంగంలో చిడతలు పట్టుకుని నారదుడై వచ్చిన మనిషి, చివరి రంగంలో కిరీటం పెట్టుకుని మరొకరై రావడం చూసినవాళ్లమే. దానికి మనకు ద్విపాత్రాభినయం అనే చక్కని మాట ఉంది. కానీ దాన్ని తీసుకొచ్చి రెండు సీట్లలో పనిచేస్తున్న అధికారికి తగిలిస్తే, చదివినవాళ్లకు ఆ మనిషి ఏదో నటిస్తున్నాడన్న శంక కలుగుతుంది. అభినయం అన్న మాటలోనే ఆ శంక ఉంది.

పదవుల సంగతికి వస్తే ఇంగ్లీషువాళ్లు టోపీలతో చెబుతారు. ఒకరు రెండు హోదాల్లో పనిచేస్తుంటే ‘వేరింగ్ టూ హ్యాట్స్’ అంటారు. ఏ హోదాలో మాట్లాడుతుంటే ఆ టోపీ పెట్టుకున్నట్టు. మన జిల్లా కలెక్టరునే తీసుకుంటే, భూముల విషయంలో ఇచ్చే ఉత్తర్వు కలెక్టరుగా ఇచ్చేది, శాంతిభద్రతల కోసం జనం గుమిగూడవద్దని ఇచ్చే ఉత్తర్వు జిల్లా మేజిస్ట్రేటుగా ఇచ్చేది. మనిషి ఒకరే, అధికారం వేరు. మన రాష్ట్రంలో ఆ హోదాను ‘కలెక్టర్ అండ్ డిస్ట్రిక్ట్ మేజిస్ట్రేట్’ అనే రాస్తారు, మధ్యలో ‘కమ్’ ఉండదు. ఒక పదవిలో ఉన్నందువల్లనే మరో సభ్యత్వం దానంతటదే వస్తే ‘ఎక్స్ అఫీషియో’ అంటారు, దానికి ‘పదవి రీత్యా’ అన్న మన మాట ఎంతో నిండుగా ఉంది. ఖాళీగా ఉన్న పక్క సీటు పనిని కొన్నాళ్లు అప్పగిస్తే అది ‘అదనపు బాధ్యత’. ఇవన్నీ వేరువేరు సంగతులు. వీటిలో టోపీల మాటను మాత్రం దయచేసి మాటకు మాట తెలుగు చేయవద్దని విలేకరులకు నా మనవి. మన దగ్గర టోపీ పెట్టడమంటే మోసం చేయడమే కనుక, నిజాయితీగా రెండు బాధ్యతలు మోస్తున్న ఉద్యోగి గురించి ‘రెండు టోపీలు’ అని రాస్తే ఆ ఉద్యోగికి అన్యాయం చేసినట్టవుతుంది.

వస్తువులూ పశువుల విషయంలో ఇంగ్లీషుకు మరో పద్ధతి ఉంది, అది మనకూ దగ్గరిదే. రెండు పేర్లను పక్కపక్కన చేర్చి ‘సోఫా బెడ్’ అన్నట్టే, మన పెద్దవాళ్లు ‘కత్తిపీట’ అన్నారు. మా అమ్మ కత్తిపీటకు అలుగు చివర కొబ్బరికోరు కూడా ఉండేది. దాని మీద కూర్చుని వంకాయలు తరిగి, అక్కడినుంచి లేవకుండానే కొబ్బరి కోరేది. పీట, కత్తి, కోరు మూడూ ఒకే చెక్కమీద ఉన్నా, దాని పేరుకు మధ్యలో ఏ అతుకూ అవసరం కాలేదు. ఇక ఒంగోలు జాతిని ఇంగ్లీషు పుస్తకాల్లో ‘డ్యూయల్ పర్పస్ బ్రీడ్’ అని రాస్తారు. దీన్ని మక్కికి మక్కి ‘ద్వంద్వ ప్రయోజన జాతి’ అని తెలుగు చేస్తే ఏ రైతుకూ ఎక్కదు. ‘దుక్కికీ పాడికీ పనికొచ్చే జాతి’ అంటే ఎక్కుతుంది. ఇదే పశువు సముద్రాలు దాటి బ్రెజిల్ చేరి, మన నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అనిపించుకుని, అక్కడ ప్రధానంగా మాంసం కోసం పెరుగుతోంది. అంటే ఈ ‘డ్యూయల్ పర్పస్’ అన్న ముద్ర జాతితో పాటు పుట్టింది కాదు, ఎక్కడివాళ్లు దాన్ని ఏ పనికి పెంచుకుంటారన్న దాన్ని బట్టి వచ్చింది. రెండుకు మించిన పనులుంటే వాళ్లు ‘మల్టీపర్పస్’ అంటారు. దానికి మనవాళ్లు ‘బహుళార్థసాధక’ అని చేసుకున్న మాట ఎంత పెద్దదైనా జనం నోట నిలిచింది.

పెన్నా మీద సంగం దగ్గరా నెల్లూరులోనూ 2022 సెప్టెంబరులో ప్రారంభించిన బ్యారేజిలను ‘బ్యారేజి కమ్ బ్రిడ్జి’ అనడం మీద నాకు పేచీ లేదు. కింద నీరు నిలుస్తుంది, పైన బండ్లు పోతాయి, బోర్డు మీద రాసుకోవడానికి ఆ పేరు చాలు. నాకు బాధ కలిగించేది ‘కుక్ కమ్ హెల్పర్’. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ల పనికి అధికారికంగా ఉన్న పేరు అది. బియ్యం కడగడం, పొయ్యి దగ్గర నిలబడి వండడం, వడ్డించడం, చివరికి గిన్నెలు తోమడం, ఇన్ని పనులు ఆ మూడక్షరాల ‘హెల్పర్’లో పడి కనిపించకుండా పోయాయి. వాళ్ల గురించి వార్త రాసేటప్పుడైనా ‘వంట చేసి, వడ్డించి, గిన్నెలు కడిగేవాళ్లు’ అని రాస్తే, రెండో పని ఏమిటో చదివేవాళ్లకు తెలుస్తుంది.

మరొక్క మనవితో ముగిస్తాను. ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఏటా జరిగే ‘నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్’ పరీక్ష ప్రకటనను పత్రికలన్నీ ఆ పేరుతోనే అచ్చు వేస్తాయి. ఎంపికైన పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వచ్చే ఉపకారవేతనం అది. సాయంత్రాలు మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో ఒకరిద్దరు ‘మీన్స్’ అంటే అర్థం అనుకున్నారు. ఒకరు ‘కమ్’ అంటే రమ్మనడం అనుకున్నారు. ఇక్కడ ‘మీన్స్’ అంటే ఇంటి ఆర్థిక స్తోమత, ‘కమ్’ అంటే దానితో పాటు. ఆదాయం పరిమితికి లోబడి ఉండడమూ, పరీక్షలో ప్రతిభ చూపడమూ రెండూ కావాలన్నమాట. ఈసారి ఆ ప్రకటన వేసేటప్పుడు మీ చదువుల పేజీలో దాని కింద ఈ రెండు వాక్యాలు కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని,
కావలి, నెల్లూరు జిల్లా.