హోంవర్కూ ఆ ఫోన్‌లోనే కదండీ

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారమండీ. మా అమ్మాయి ఏడో తరగతి. గేమ్ చాట్‌లో ఎవరో "నేనూ సెవెంతే" అని మాట కలిపి, మూడో రోజుకి యూనిఫాంలో ఫోటో పెడితే గేమ్‌లో వాడుకునే డైమండ్స్ ఇస్తానన్నారట. పిల్ల టెన్షన్‌తో ఫోన్ బోర్లా పట్టుకుని వంటింట్లోకొచ్చి నిలబడింది. చెప్పింది కాబట్టి సరిపోయింది.

బడిలో అడిగితే "ఫోన్ ఇవ్వకండి" అన్నారు. హోంవర్క్ వచ్చేదే వాట్సాప్‌లో!

2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. కానీ మా పిల్ల వయసు తప్పు కొట్టి గేమ్‌లో అకౌంట్ తెరిచేసింది.

ప్రతి బడి గోడ మీదా 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 1930 (సైబర్ నేరాల హెల్ప్‌లైన్) నంబర్లు పెద్దక్షరాలతో రాయించండి. పిల్లల అసభ్య చిత్రాలపై జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చని తల్లిదండ్రుల మీటింగ్‌లో చెప్పించండి. ఆ మీటింగ్ సాయంత్రం పెట్టిస్తే కూలికెళ్లే అమ్మలూ వస్తారు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి