గేటు బయట అమ్మిన ఎన్‌సైక్లోపీడియా సెట్టు గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత వారం బడి వదిలే వేళకు గేటు బయట బల్ల వేసుకుని ఎనిమిది సంపుటాల సెట్టు అమ్మినవాళ్లు, "స్కూలువాళ్లే తీసుకోమన్నారు" అని చెప్పారట. అప్పటి నుంచి క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. బడి వాళ్లకు అనుమతి ఇవ్వలేదు, ఆ సెట్టును కొనమని ఎవరికీ చెప్పలేదు. అడ్వాన్సు కట్టినవాళ్లు రసీదు మీద అమ్మినవాళ్ల పేరు, చిరునామా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి బిల్లులో పన్ను కలిపి ఉంటే ఎందుకని అడగండి. డబ్బు వెనక్కి ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.



ఒక అమ్మగారు ఆ సెట్టు తెచ్చి మాకు చూపించారు. అట్ట మీద కొత్త సంవత్సరమే ఉంది. టైటిల్ పేజీ వెనక వైపు చూస్తే మొదటి ముద్రణ 2004. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, పది అంకెలే. 2007 జనవరి నుంచి అది 13 అంకెలు. లోపల ప్లూటోతో కలిపి తొమ్మిది గ్రహాలు. ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించింది 2006 ఆగస్టులో. పునర్ముద్రణ అంటే పాత పేజీలనే మళ్లీ అచ్చువేయడం. లోపలి విషయం మారిందనుకోవాలంటే "సవరించిన ముద్రణ" అని ఉండాలి, ఏ ఏడాది సవరించారో కూడా ఉండాలి. ధర మీద స్టిక్కరు అంటించి ఉంటే గోటితో లేపి కింద ఏముందో చూడండి.

అట్లాసు ఎంత పాతదో కనిపెట్టడం ఇంకా తేలిక. తెలంగాణ పేజీ తీసి మన జిల్లాను వెతకండి. హనుమకొండ అని ఉంటే 2021 తర్వాతిది. వరంగల్ అర్బన్ అని ఉంటే 2016కూ 2021కీ మధ్యది. రాష్ట్రంలో పది జిల్లాలే కనిపిస్తే 2016 దసరాకు ముందుది, ఊరికే ఇచ్చినా వద్దు. ఆంధ్రప్రదేశ్ పేజీలో 13 జిల్లాలుంటే 2022 ఏప్రిల్‌కు ముందుదని తెలిసిపోతుంది. స్కేలు, గుర్తుల పట్టిక, చివర ఊళ్ల పేర్ల సూచిక లేనిది గోడకు అంటించే బొమ్మే, అట్లాసు కాదు.

సూచిక మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతాను. విషయసూచిక ముందుంటుంది, అది అందరికీ తెలుసు. నేను అడిగేది చివర ఉండవలసిన పదసూచిక. "కిరణజన్య సంయోగక్రియ" ఏ ఏ పేజీల్లో ఉందో అక్షరక్రమంలో చెప్పే ఆ నాలుగు పేజీలు లేకపోతే, ఎనిమిది వందల పేజీల పుస్తకంలో పిల్లవాడు తనకు కావలసింది వెతుక్కోలేడు, బొమ్మలు తిరగేసి మూసేస్తాడు. మన తెలుగు పుస్తకాల్లో ఎంతో మంచివాటికి కూడా పదసూచిక లేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. సూచిక వేయడం శ్రమే. కానీ ఆ శ్రమ పడిన ప్రచురణకర్త పాఠకుడు మళ్లీ మళ్లీ ఆ పుస్తకం తెరుస్తాడని నమ్మినవాడు. దుకాణంలో నిలబడి మీకు బాగా తెలిసిన మూడు విషయాలు సూచికలో వెతకండి. ఆ పేజీకి వెళ్లి చూడండి, అక్కడ నిజంగా ఉందా, ఉన్నది సరిగ్గా ఉందా? మీకు తెలిసిన చోట తప్పు రాసినవాళ్లు తెలియని చోట ఒప్పు రాసుంటారని నమ్మలేం. సూచిక లేని రిఫరెన్సు పుస్తకం దయచేసి కొనకండి.

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో "రన్", "సెట్", "గెట్" తీయండి. ఒక్కోదానికి ఒక్క ముక్క అర్థమే ఇచ్చి, వాక్యం ఒక్కటీ చూపకపోతే అది హైస్కూలుకు చాలదు. తెలుగు నిఘంటువులో "వచ్చాడు" దొరకలేదని పిల్లలు ఫిర్యాదు చేస్తారు. "వచ్చు" దగ్గర చూడాలని మీరే చెప్పండి. పద్యంలోని "వాడు గొట్టె"లో గొట్టెను "కొట్టు" దగ్గర చూడాలి. సున్న ఉన్న మాటలను ఒక్కో నిఘంటువు ఒక్కో చోట పెడుతుంది, ఆ సంగతి ముందుమాటలో ఉండాలి. పాతదంతా పనికిరానిదని కాదు: బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, పద్యాలకు నేటికీ అక్కరకొస్తుంది. అయితే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో అది ఉచితంగానే వెతుక్కోవచ్చు.

"ఇంట్లోనే సైన్స్ ప్రయోగాలు" తరహా పుస్తకాల విషయంలో మన పిల్లలే పరీక్షకులు. ఒక పుస్తకంలో ఒక్క నిమ్మకాయతో టార్చి బల్బు వెలిగినట్టు బొమ్మ ఉంది. 8వ తరగతి అమ్మాయిలు ముగ్గురు జింకుపూత మేకు, రాగి తీగ గుచ్చి మల్టీమీటరు పెట్టారు. కాయకు సుమారు 0.9 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీకే దాదాపు 1.8 కావాలి. టార్చి బల్బుకు కావలసిన కరెంటు నిమ్మకాయలు ఇవ్వలేవు. నాలుగు కాయలను వరసగా కలిపి, ఎల్‌ఈడీ పొడుగు కాలు రాగి వైపు పెట్టి, చీకటి గదిలో సన్నగా వెలిగించి చూపారు! 7వ తరగతి అబ్బాయి ఇంకొకటి పట్టాడు. నీటిలో కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే ఆక్సిజన్ ఖర్చయినందుకే నీరు పైకి వస్తుందని పుస్తకం. నీరు ఎక్కువగా పైకి లేచేది మంట ఆరాక అని వాడు గమనించాడు. వేడెక్కిన గాలి కొంత బయటికిపోయి, మిగిలింది చల్లారి కుంచించుకుపోవడమే అసలు కారణం. ఈ నలుగురూ మన బడికి గర్వకారణం. కొనే ముందు మీరూ ఈ రెండు పేజీలు తీసి చూడండి.

గైడ్ల గురించి, దయచేసి మరోలా అనుకోకండి. గైడు చూసి దింపిన హోంవర్కు మాకు వెంటనే తెలుస్తుంది, అందులోని అచ్చుతప్పుతో సహా వస్తుంది కాబట్టి. గైడు కొనాలనే అనుకుంటే లెక్కల అభ్యాసాల చివరి మూడు లెక్కలు చూడండి. మధ్య మెట్లు లేకుండా జవాబు ఇచ్చినది వద్దు. అసలు పాఠ్యపుస్తకాలు రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ప్రాజెక్టు చార్టులు నాన్నగారి దస్తూరీతో వస్తున్నాయి, అదీ మానుకుంటే సంతోషిస్తాం. నిఘంటువు నలుగుతుందని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, పిల్లల చేతికి ఫోను ఇస్తున్న ఇళ్లు చాలానే ఉన్నాయని పిల్లల మాటల్లో తెలుస్తోంది. నలగడానికే కదా కొన్నారు. నలిగినా చెక్కుచెదరకూడదంటే కుట్టు బైండింగు ఉన్నది కొనండి: వెన్ను పై అంచు చూస్తే మడిచిన ఫారాలు (కొన్నేసి పేజీల కట్టలు) విడివిడిగా కనిపిస్తాయి. గమ్ బైండింగు పుస్తకం మధ్యలో పూర్తిగా విప్పి బల్ల మీద పెడుతుంటే కొన్నాళ్లకే పేజీలు ఊడతాయి.

ఏదైనా కొనాలనుకుంటే పేరు, ముద్రణ సంవత్సరం, ధర పిల్లల డైరీలో రాసి పంపండి. లైబ్రరీ టీచరు రెండు రోజుల్లో జవాబు రాస్తారు. లైబ్రరీలో ఉన్న పుస్తకమైతే వారం పాటు ఇంటికి ఇస్తారు, వాడి చూసి అప్పుడు కొనుక్కోండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు